తలకు దెబ్బ తగిలితే: మొదటి గంటలు, ఆ తర్వాత నెలలు
రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కోసం సమాచార పత్రం

ఆరోగ్యశ్రీ గురించి గ్రామ సభల్లో మాట్లాడేటప్పుడు గుండె ఆపరేషన్, డయాలసిస్, క్యాన్సర్ గురించి చాలామంది అడుగుతారు. తల దెబ్బ గురించి అడిగేవారు తక్కువ. అది మన ఇంట్లో జరుగుతుందని ఎవరూ ముందుగా అనుకోరు కదా. కానీ బండి మీద నుంచి జారిపడటం, తాటి చెట్టు మీద నుంచి పడటం, సెంట్రింగ్ పని చేస్తూ కాలు జారడం, ట్రాక్టర్ బోల్తా పడటం, పెద్దవాళ్లు బాత్‌రూంలో జారిపడటం ప్రతి ఊళ్లో జరిగేవే.

ఇలాంటప్పుడు పక్కవాళ్ల నోట తరచుగా వచ్చే మాట ఒకటుంది: "రక్తం రాలేదు, మాట్లాడుతున్నాడు, ఏం కాలేదు." ఈ పత్రం ఆ మాట గురించే. తల దెబ్బలో బయటకు కనిపించే గాయం వేరు, లోపల మొదలయ్యే ప్రమాదం వేరు. లోపలి ప్రమాదాన్ని కనిపెట్టడానికి, ఆపడానికి గత కొన్నేళ్లలో వైద్యంలో మంచి మార్పులు వచ్చాయి. మనిషి వేళకు ఆసుపత్రికి చేరితేనే అవి పనికొస్తాయి. ఖర్చు భయంతో ఆలస్యం చేయనక్కర్లేదు. అందుకోసమే పథకం ఉంది.

■ తల లోపల ఏం జరుగుతుంది?

మెదడు మెత్తటి అవయవం. గట్టి పుర్రె లోపల, నీటి లాంటి ద్రవంలో ఉంటుంది. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు మెదడు పుర్రె గోడకు కొట్టుకుంటుంది, మెలి తిరుగుతుంది. అక్కడ కొంత నష్టం ఆ క్షణంలోనే జరిగిపోతుంది. దీన్ని మొదటి గాయం అంటారు. దీన్ని వెనక్కి తిప్పే మందు ఇంతవరకు లేదు.

అసలు సంగతి రెండో గాయంలో ఉంది. దెబ్బ తర్వాత గంటల్లో, ఒక్కోసారి రోజుల్లో, లోపల రక్తనాళం కారి రక్తం గడ్డ కడుతుంది. మెదడు వాస్తుంది. పుర్రె సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ మెదడుకు రక్తం, ఆక్సిజన్ అందడం తగ్గుతుంది. మొదట బాగానే మాట్లాడిన మనిషి రెండు గంటల తర్వాత మగతలోకి జారుకోవడానికి కారణం ఇదే. మధ్యలో బాగున్నట్టు కనిపించే ఆ కాసేపు చూసే ఇంటివాళ్లు మోసపోతారు.

ఈ రెండో గాయాన్ని ఆపవచ్చు, తగ్గించవచ్చు. తల దెబ్బకు నేడు ఉన్న చికిత్స అంతా దాని మీదే నడుస్తుంది.

■ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన లక్షణాలు

కింది వాటిలో ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. తెల్లారేదాకా ఆగవద్దు.

• కాసేపైనా స్పృహ తప్పడం
• ఒకటి కంటే ఎక్కువసార్లు వాంతి కావడం
• తలనొప్పి తగ్గకుండా పెరుగుతూ పోవడం
• ఫిట్స్ రావడం
• మాట తడబడటం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, మనుషుల్ని గుర్తు పట్టకపోవడం
• చేయి లేదా కాలు ఒక వైపు బలహీనపడటం
• ఒక కనుపాప పెద్దదిగా, మరొకటి చిన్నదిగా కనిపించడం
• ముక్కు నుంచి గానీ చెవి నుంచి గానీ రక్తం, నీళ్ల లాంటి ద్రవం కారడం
• లేపితే లేవలేనంత మత్తు

లక్షణాలు లేకపోయినా ఈ ముగ్గురిని డాక్టర్‌కు చూపించాల్సిందే: 65 ఏళ్లు దాటిన వాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, ఎత్తు నుంచి పడ్డవాళ్లు లేదా వాహనం గుద్దినవాళ్లు. గుండె జబ్బుకు రోజూ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు మన ఇళ్లల్లో చాలామంది ఉన్నారు. వాళ్లలో చిన్న దెబ్బకు కూడా లోపల రక్తం కారవచ్చు.

పసిపిల్లలు తమకు ఏమైందో చెప్పలేరు. పాలు తాగకపోవడం, ఆగకుండా ఏడవడం, ఎప్పుడూ లేనంతగా నిద్రపోవడం, మాడు మీద మెత్తటి చోట ఉబ్బడం కనిపిస్తే వెంటనే తీసుకెళ్లాలి.

మద్యం తాగిన వాళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. "తాగి పడుకున్నాడు, పొద్దున్న లేస్తాడులే" అని వదిలేస్తే ప్రాణం పోవచ్చు. తాగిన మత్తు, తలలో రక్తస్రావం వల్ల వచ్చే మత్తు బయటకు ఒకేలా ఉంటాయి. తేడా చెప్పగలిగేది స్కాన్ మాత్రమే. తాగి పడి తలకు దెబ్బ తగిలిన మనిషిని పడుకోబెట్టడం కాదు, ఆసుపత్రికి చేర్చడం ముఖ్యం.

■ దారిలో ఏం చేయాలి, ఏం చేయకూడదు?

1. మెడ కదలకుండా చూడండి. తల దెబ్బతో పాటు మెడ ఎముక కూడా విరిగి ఉండవచ్చు. చేతులు, కాళ్లు పట్టుకుని ఎత్తి ఆటోలో వేయడం వల్ల నడవగలిగే మనిషి నడవలేకుండా పోవచ్చు. 108 వచ్చే దారి ఉంటే దాని కోసం ఆగడమే మేలు.
2. వాంతి అవుతుంటే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి మనిషిని పక్కకు తిప్పండి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.
3. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. పుర్రె లోపలికి నొక్కుకుపోయినట్టు అనిపిస్తే మాత్రం అక్కడ అదమవద్దు.
4. నీళ్లు, టీ, సోడా ఏమీ తాగించవద్దు.
5. శ్వాస బాగుంటే హెల్మెట్ లాగవద్దు. తీయక తప్పని పరిస్థితిలో ఒకరు మెడ పట్టుకోవాలి, ఇంకొకరు నెమ్మదిగా తీయాలి.
6. దెబ్బ తగిలిన టైం రాసుకోండి లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. డాక్టర్ మొదట అడిగేది అదే.

దగ్గర్లో ఉన్నారని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి, కుట్లు వేయించి, ఇంజెక్షన్ చేయించి ఇంటికి తీసుకురావడం పెద్ద పొరపాటు. పైన ఉన్న గాయం మానుతుంది, లోపలిది పెరుగుతుంది. సీటీ స్కాన్, న్యూరో సర్జన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లాలి. మీ దగ్గర్లో అలాంటి ఆసుపత్రి ఏదో 108 సిబ్బందిని అడగండి.

■ ఆసుపత్రిలో ఎలా కనిపెడతారు?

ముందుగా డాక్టర్ చేసేది చాలా మామూలు పరీక్షలా కనిపిస్తుంది. పేరు పెట్టి పిలుస్తారు, కళ్లు తెరుస్తారా చూస్తారు, ఇది ఏ ఊరు అని అడుగుతారు, చేయి ఎత్తమంటారు. ఒక్కోదానికి మార్కులు వేస్తారు. దీన్ని గ్లాస్గో కోమా స్కేల్ అంటారు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు 1974లో దీన్ని తయారుచేశారు. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. అన్నిటికంటే తక్కువ 3. 13 నుంచి 15 వస్తే స్వల్పం, 9 నుంచి 12 అయితే మధ్యస్థం, 8 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రం అని ఇన్నాళ్లూ లెక్క. మీ మనిషిని ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పంపేటప్పుడు కాగితం మీద "జీసీఎస్" పక్కన అంకె రాశారో లేదో చూసుకోండి. ఆ అంకె పడిపోతోందా, పెరుగుతోందా అన్నదాని మీద తర్వాతి నిర్ణయాలు ఉంటాయి.

రెండోది సీటీ స్కాన్. 1971 అక్టోబర్ 1న లండన్‌లో మొదటిసారి ఒక రోగి మెదడును ఇలా స్కాన్ చేశారు. దాన్ని కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు తల లోపల రక్తం గడ్డ కట్టిందా లేదా అన్నది డాక్టర్లు చాలావరకు ఊహించాల్సి వచ్చేది. ఇప్పుడు కొద్ది నిమిషాల్లో తెలుస్తుంది. మొదటి స్కాన్ తీసిన కొన్ని గంటల తర్వాత డాక్టర్ మళ్లీ స్కాన్ రాస్తే "డబ్బుల కోసం" అని అనుమానించకండి. రక్తస్రావం పెరుగుతోందా అని చూడటానికే రెండో స్కాన్.

అయితే "స్కాన్ నార్మల్" అన్నంత మాత్రాన మెదడుకు ఏమీ కాలేదని కాదు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, సీటీ నార్మల్‌గా వచ్చిన 450 మందికి తర్వాత ఎంఆర్ఐ తీస్తే 120 మందిలో గాయం బయటపడింది. కాబట్టి సీటీ నార్మల్ అంటే ఇప్పటికిప్పుడు ఆపరేషన్ అవసరమైన రక్తస్రావం లేదని మాత్రమే అర్థం.

కొత్తగా వస్తున్నవి ఇవి:

• రక్త పరీక్ష. మెదడు కణాలు దెబ్బతిన్నప్పుడు కొన్ని ప్రోటీన్లు రక్తంలోకి వస్తాయి. వాటిలో రెండింటిని, జీఎఫ్ఏపీ, యూసీహెచ్-ఎల్1 అనేవాటిని, కొలిచే పరీక్షకు అమెరికా 2018లో అనుమతి ఇచ్చింది. మంచం పక్కనే పావుగంటలో ఫలితం ఇచ్చే పరికరానికి 2024లో అనుమతి వచ్చింది. స్వల్ప గాయమైన వాళ్లలో ఎవరికి స్కాన్ అవసరం లేదో చెప్పడానికి ఇది పనికొస్తుంది.
• చేతిలో పట్టుకునే పరికరం. కంటికి కనిపించని ఒక రకం కాంతితో తల లోపలి రక్తస్రావాన్ని పసిగట్టే సెరెబో అనే పరికరాన్ని మన దేశంలోనే తయారుచేశారు. ఐసీఎంఆర్, భోపాల్ ఎయిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, బయోస్కాన్ రీసెర్చ్ కలిసి చేసిన పని ఇది. స్కాన్ సదుపాయం లేని చోట, అంబులెన్స్‌లో, ఎవరిని ముందు పంపాలో తేల్చుకోవడానికి ఉద్దేశించింది. ఇది సీటీకి బదులు కాదు.
• కొత్త వర్గీకరణ. స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అన్న మూడు మాటలు చాలవని 2025లో అంతర్జాతీయ నిపుణుల బృందం కొత్త పద్ధతి సూచించింది. మార్కులతో పాటు రక్త పరీక్ష, స్కాన్, మనిషి వయసు, పాత జబ్బులు, ఇంటి పరిస్థితి అన్నీ కలిపి చూడాలన్నది దాని సారం. "స్వల్పం" అని రాసినంత మాత్రాన నెలల తరబడి బాధపడే మనిషిని పట్టించుకోకుండా వదిలేయకూడదన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

ఈ మూడూ ఇంకా మామూలు వాడకంలోకి రావాల్సినవే. మీకు ఈ రోజు అందే పరీక్షలు మార్కులు, సీటీ. ఈ రెండూ వేళకు జరిగితే ప్రాణాపాయం ఉన్నవాళ్లలో ఎక్కువమందిని గుర్తుపట్టవచ్చు.

■ చికిత్సలో ఏం మారింది?

తక్కువ ధర మందు. ప్రసవం తర్వాత రక్తస్రావం ఆపడానికి వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే ఇంజెక్షన్‌ను తల దెబ్బల్లో కూడా పరీక్షించారు. 29 దేశాల్లో, 175 ఆసుపత్రుల్లో, 12,737 మంది మీద జరిగిన ఈ పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇంజెక్షన్ ఇస్తే, స్వల్ప, మధ్యస్థ గాయాలున్న ప్రతి వెయ్యి మందిలో తల దెబ్బ వల్ల మరణాలు 75 నుంచి 58కి తగ్గాయి. గాయం తీవ్రంగా ఉన్నవాళ్లలో ఈ మేలు కనిపించలేదు. ఎంత ముందు ఇస్తే అంత ఉపయోగం. "మూడు గంటలు" అన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది. ఎవరికి ఇవ్వాలో డాక్టరే నిర్ణయిస్తారు. మనం చేయాల్సింది ఆ టైంలోపు మనిషిని చేర్చడం.

ఆక్సిజన్, బీపీ. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం అంబులెన్స్ సిబ్బందికి మూడు విషయాల్లో గట్టి శిక్షణ ఇచ్చింది: ఆక్సిజన్ పడిపోకూడదు, బీపీ పడిపోకూడదు, గొట్టం వేసిన రోగికి అవసరానికి మించి గాలి కొట్టకూడదు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం, తీవ్ర గాయమైన వాళ్లలో బతికే అవకాశం దాదాపు రెట్టింపయింది. ఇందులో కొత్త యంత్రం లేదు, ఖరీదైన మందు లేదు. సొంత వాహనం కంటే 108 మంచిదని చెప్పడానికి కారణం ఇదే. అందులో ఆక్సిజన్ ఉంటుంది, చూసుకునే మనిషి ఉంటారు.

మానేసిన చికిత్స. మెదడు వాపు తగ్గుతుందని చాలా ఏళ్లు తల దెబ్బలకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. 10,008 మంది మీద చేసిన పరిశోధన 2004లో దీన్ని తప్పని తేల్చింది. స్టెరాయిడ్ ఇచ్చిన వాళ్లలో రెండు వారాల్లో వందకు 21 మంది చనిపోతే, ఇవ్వని వాళ్లలో 18 మంది చనిపోయారు. తల దెబ్బకు "వాపు ఇంజెక్షన్" అని ఊళ్లో ఎవరైనా స్టెరాయిడ్ ఇవ్వబోతే వద్దనండి.

పుర్రె తెరిచే ఆపరేషన్. రక్తం గడ్డ ఒత్తుతుంటే తీసేయాలి. ఇందులో ఆలస్యం పనికిరాదు. మందులకు లొంగని వాపు ఉన్నప్పుడు పుర్రెలో కొంత ఎముకను తాత్కాలికంగా తీసి మెదడుకు చోటు ఇస్తారు. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో ఈ ఆపరేషన్ వల్ల ఆరు నెలల నాటికి మరణాలు వందకు 49 నుంచి 27కి తగ్గాయి. కానీ బతికినవాళ్లలో కొందరు పూర్తిగా ఇతరుల మీద ఆధారపడే స్థితిలోనే ఉండిపోయారు. సంతకం పెట్టేముందు "బతుకుతాడా" అని ఒక్కటే అడగకండి, "బతికితే ఎలా ఉంటాడు" అని కూడా డాక్టర్‌ను అడగండి. అది అడగడం మీ హక్కు.

పెద్దవాళ్లలో ఆలస్యంగా కనిపించే రక్తపు గడ్డ. జారిపడి మూడు నాలుగు వారాల తర్వాత తాతకు నడక తూలుతుంది, మాట మందగిస్తుంది, మరుపు వస్తుంది. "వయసు మీద పడింది" అనుకుంటాం. చాలాసార్లు అది తలలో మెల్లగా పేరుకున్న రక్తం. పుర్రెకు చిన్న రంధ్రం చేసి బయటకు తీస్తే మనిషి మళ్లీ మామూలుగా తిరిగే అవకాశం బాగా ఉంటుంది. ఆపరేషన్ తర్వాత సన్నని గొట్టం ఒకటి రెండు రోజులు ఉంచితే మళ్లీ గడ్డ చేరడం వందకు 24 నుంచి 9కి తగ్గుతుందని 2009లో బ్రిటన్ పరిశోధకులు చూపించారు. ఆ గొట్టం చూసి కంగారు పడవద్దు.

■ ఖర్చు ఎవరు భరిస్తారు?

రాజీవ్ ఆరోగ్యశ్రీ. ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబాలకు వర్తిస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఒక కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు పరిమితి ఉంది. తలలో రక్తపు గడ్డ తీసే ఆపరేషన్లు, ఒంటి మీద అనేక గాయాలైనప్పుడు చేసే చికిత్స పథకంలో ఉన్నాయి. చేరినప్పటి నుంచి డిశ్చార్జి వరకు, ఆ తర్వాత 10 రోజుల మందులు ఉచితం.

ఎలా వాడుకోవాలి?

1. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడ ఉందో అడగండి. ఎంప్యానెల్ ఆసుపత్రి అయితే తప్పకుండా ఉంటుంది.
2. ఆహార భద్రత కార్డు, రోగి ఆధార్ చూపించండి. చేతిలో లేకపోతే ఫోన్‌లో ఫొటో పంపించుకోండి. ఇంటి దగ్గర కార్డు వెతుక్కుంటూ రోగిని ఆపవద్దు.
3. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఫోన్ ద్వారా అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే వీలుంది. ఈ మాట ఆరోగ్యమిత్రకు గుర్తుచేయండి.
4. స్కాన్‌కు, అడ్వాన్స్‌కు, మందులకు డబ్బు కట్టమంటే అక్కడి నుంచే 104కు ఫోన్ చేయండి. డబ్బు కట్టాల్సి వస్తే రశీదు లేకుండా కట్టవద్దు.
5. ఎముక తీసిన వాళ్లకు తర్వాత దాన్ని తిరిగి అమర్చే ఆపరేషన్ ఉంటుంది. డిశ్చార్జి రోజునే దాని గురించి, ఫాలో అప్ గురించి ఆరోగ్యమిత్రను అడిగి తేదీ రాయించుకోండి.

రోడ్డు ప్రమాదమైతే కేంద్ర పథకం కూడా ఉంది. 2025 మే 5 నుంచి అమల్లోకి వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద, మోటారు వాహన ప్రమాదంలో గాయపడిన ఎవరికైనా, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స అందుతుంది. రేషన్ కార్డు ఉండాలన్న నియమం లేదు. ఇది రోడ్డు ప్రమాదమేనని పోలీసులు ధ్రువీకరించాలి, కాబట్టి 112కు సమాచారం ఇవ్వడం మరవకండి.

"ముందు పోలీసు కేసు, తర్వాత వైద్యం" అని ఎవరైనా అంటే అది చెల్లదు. గాయపడిన మనిషికి ముందు వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టంగా చెప్పింది.

■ సాయం చేసినవాళ్లకు ఇబ్బంది ఉంటుందా?

ఉండదు. మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ ప్రకారం, మంచి మనసుతో సాయం చేసిన వ్యక్తి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ కేసు పెట్టడానికి వీల్లేదు. ఇష్టం లేకపోతే పేరు, చిరునామా చెప్పాల్సిన అవసరం కూడా లేదు. తీవ్రంగా గాయపడిన వాళ్లను మొదటి గంటలోపు ఆసుపత్రికి చేర్చిన వారికి రాహ్‌వీర్ పథకం కింద కేంద్రం రూ.25,000 ప్రోత్సాహకం ఇస్తోంది. ఫొటోలు, వీడియోలు తీసేవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పండి. ఫోన్ చేతిలో ఉంటే ముందు 108కు కలపమనండి.

■ ఇంటికి వచ్చిన తర్వాత

డిశ్చార్జి అయితే జబ్బు తగ్గిపోయిందని కాదు. స్కాన్‌లో ఏమీ లేదని మొదటి రోజే ఇంటికి పంపినా, మొదటి 24 గంటలు ఒక మనిషి పక్కన ఉండాలి. మొదట్లో చెప్పిన లక్షణాల్లో ఏది కనిపించినా తిరిగి తీసుకెళ్లాలి.

స్వల్ప గాయం తర్వాత తలనొప్పి, కళ్లు తిరగడం, నిద్ర పట్టకపోవడం, వెలుతురు పడకపోవడం, చిరాకు, మరుపు మామూలే. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, తర్వాత కొద్దికొద్దిగా నడక, ఇంటి పని మొదలుపెట్టమని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టడం మంచిది కాదు. బండి నడపడం, చెట్టు ఎక్కడం, ఎత్తు మీద పని చేయడం మాత్రం డాక్టర్ సరే అనేదాకా వద్దు. ఫిట్స్ మందు రాసి ఇస్తే సొంతంగా మానవద్దు.

తీవ్ర గాయం తర్వాత ఇంటివాళ్లకు ఎక్కువ కష్టం కలిగించేది మనిషి స్వభావం మారడం. ఎప్పుడూ కసురుకోని వాడు ఊరికే అరుస్తాడు. లెక్క తప్పుతాడు. చేసిన పని మరిచిపోతాడు. పొద్దంతా ఊరికే కూర్చుంటాడు. ఊరు "సోమరి అయ్యాడు" అంటుంది, కొందరు "గాలి సోకింది" అంటారు. ఇది సోమరితనం కాదు, గాలి కాదు. కోపాన్ని ఆపే, పనిని వరుసగా చేయించే మెదడు భాగానికి దెబ్బ తగలడం వల్ల వచ్చింది. ఇంట్లో ఆడవాళ్లు దీన్ని మౌనంగా భరిస్తుంటారు. డాక్టర్‌కు ఈ మార్పులు దాచకుండా చెప్పండి. ఫిజియోథెరపీ ఎంత అవసరమో, మాట, జ్ఞాపకం కోసం చేయించే సాధన కూడా అంతే అవసరం. మనసు బాగోలేనప్పుడు రోగి అయినా, చూసుకునేవాళ్లయినా టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఉచితం.

ఇంట్లో చేయగలిగినవి: రోజూ ఒకే టైంకు తిండి, నిద్ర. ఒకసారి ఒకే పని చెప్పడం. మందుల టైం గోడ మీద రాసి పెట్టడం. మద్యం పూర్తిగా మానిపించడం.

■ పని చేయలేని స్థితి మిగిలితే

నడక, చేతి పట్టు, మాట, బుద్ధి వీటిలో లోపం మిగిలిపోతే వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. మీసేవ కేంద్రంలో అడిగి స్లాట్ తీసుకోండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పింఛన్‌కు అర్హత. ప్రస్తుతం మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛన్ నెలకు రూ.4,016.

రోడ్డు ప్రమాదమైతే పరిహారం కోసం ఆరు నెలల్లోపు మోటారు ప్రమాద క్లెయిమ్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయడం మంచిది. గుద్దిన వాహనం ఏదో తెలియకపోయినా, తీవ్ర గాయానికి రూ.50,000, మరణిస్తే కుటుంబానికి రూ.2 లక్షలు పరిహారం ఉంది. వీటన్నిటికీ కావాల్సిన కాగితాలు ఒకే సంచిలో పెట్టుకోండి: ఎఫ్ఐఆర్ నకలు, మొదటి రోజు చీటీ, స్కాన్ ఫిల్ములు, రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ. మొదటి రోజు చీటీ పోగొట్టుకుని పరిహారం కోసం ఏళ్లు తిరిగే కుటుంబాలు ఉన్నాయి.

■ అసలు దెబ్బే తగలకుండా

2022లో మన దేశంలో హెల్మెట్ పెట్టుకోని 50,029 మంది ద్విచక్ర వాహన ప్రమాదాల్లో చనిపోయారు. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. హెల్మెట్ వల్ల తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం, మరణించే ముప్పు 42 శాతం తగ్గుతాయని అనేక అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొనండి, గడ్డం కింద పట్టీ బిగించండి. పట్టీ పెట్టని హెల్మెట్ పడగానే ఎగిరిపోతుంది. వెనక కూర్చునే ఇంటామెకు, నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా చట్టం ప్రకారం హెల్మెట్ ఉండాలి.

గీత కార్మికులు 2024లో ప్రభుత్వం మొదలుపెట్టిన కాటమయ్య రక్షక కవచం కిట్‌ను ఇంట్లో దాచకుండా చెట్టు ఎక్కిన ప్రతిసారీ వాడాలి. పెద్దవాళ్లున్న ఇంట్లో బాత్‌రూం నేల జారకుండా చూసుకోవాలి, రాత్రి ఒక చిన్న లైటు వెలగనివ్వాలి.

■ ఒక్కసారి మళ్లీ

• రక్తం రాలేదంటే ప్రమాదం లేదని కాదు.
• దెబ్బ తగిలిన టైం గుర్తుపెట్టుకోండి. మూడు గంటల్లోపు సీటీ ఉన్న ఆసుపత్రికి చేరండి.
• తాగి పడ్డా, పెద్దవాళ్లు జారిపడ్డా స్కాన్ గురించి డాక్టర్‌ను అడగండి.
• ఆరోగ్యమిత్రను కలవండి. డబ్బు అడిగితే 104.
• కాగితాలు పారేయకండి.

అంబులెన్స్: 108 | ఆరోగ్యశ్రీ సమాచారం, ఫిర్యాదులు: 104 | పోలీసు, అత్యవసరం: 112 | టెలీ మానస్: 14416

ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి, మీ సంఘం వాట్సాప్ గ్రూపుల్లో పంపించండి. చదవడం రాని పెద్దవాళ్లకు లక్షణాల భాగం చదివి వినిపించండి. ఆశ, అంగన్‌వాడీ కార్యకర్తలు దాన్ని ప్రింట్ తీసి గోడకు అంటించుకోవచ్చు.

— జిల్లా సమాచార, పౌర సంబంధాల శాఖ